రైజెన్ 5 5600ఎక్స్: ఫిక్స్‌డ్ 4.7 పెట్టాలా, పీబీఓతో సరిపెట్టుకోవాలా?

సున్నాఒకటి:
నమస్తే అండి. సిస్టం ఇదీ: రైజెన్ 5 5600ఎక్స్, బి550 బోర్డు, డీడీఆర్4 3600 ర్యాము 8 జీబీవి రెండు, ఆర్‌టీఎక్స్ 3060, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. కూలర్ ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన రైత్ స్టెల్తే. బయాస్‌లో మల్టిప్లయర్ 47 (అంటే ఫిక్స్‌డ్ 4.7 గిగాహెర్ట్జ్), కోర్ ఓల్టేజీ 1.4 పెడితే విండోస్ వస్తోంది కానీ, సినీబెంచ్ (ప్రాసెసర్ వేగం కొలిచే పరీక్ష) మొదలైన అర నిమిషంలో 95 డిగ్రీలు తాకి సిస్టం ఆగిపోతోంది. 1.3కి దించితే బ్లూ స్క్రీన్. మంచి కూలర్ కొంటే 4.7 నిలబడుతుందా, లేక పీబీఓతో (ప్రాసెసర్ తన వేగాన్ని తానే ఇంకాస్త పెంచుకోనిచ్చే ఏఎండీ సెట్టింగ్) సరిపెట్టుకోవాలా? ఇంకో సందేహం. అన్నీ ఆటోలో ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ 1.45 ఓల్టులు చూపిస్తోంది. అలాంటప్పుడు నేను పెట్టిన 1.4 తక్కువే కదా?

వోల్ట్‌మీటర్:
చివరి ప్రశ్నకు ముందు జవాబు, ఎందుకంటే చాలామంది అక్కడే బోల్తా పడతారు. ఆటోలో కనిపించే 1.45 ఒకటి రెండు కోర్లు కాసేపు పైకి లేచినప్పటిది. అప్పుడు చిప్‌లోకి వెళ్లే కరెంటు చాలా తక్కువ. ఆరు కోర్లూ పూర్తి పనిలో పడగానే ప్రాసెసర్ తనంతట తానే 1.2 ప్రాంతానికి దిగిపోతుంది. మీరు ఫిక్స్ చేసిన 1.4 అలా దిగదు. ఆరు కోర్లూ బిగిసి పనిచేస్తున్నా అంతే ఓల్టేజీ, దానికి తోడు నిండు కరెంటు. ఎక్కువ ఓల్టేజీ, ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి మూడూ ఒకేసారి కలిస్తే చిప్ త్వరగా అరుగుతుంది. ఆ 1.4 ఇవాళే తీసేయండి.

ఇక లెక్క. వేడి ఓల్టేజీ వర్గాన్ని బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి పెరుగుతుంది. 1.2 ఓల్టుల దగ్గర 4.4 గిగాహెర్ట్జ్ నడిచే చిప్‌ను 1.35 ఇచ్చి 4.7కి తెచ్చారనుకోండి. 1.35ని 1.2తో భాగించి వర్గం చేస్తే 1.27, దాన్ని 4.7/4.4తో గుణిస్తే 1.35. అంటే 7 శాతం వేగం కోసం 35 శాతం వేడి. కూలర్ ఎంత మంచిదైనా ఈ బేరం మారదు. స్టెల్త్ అయితే హీట్‌పైపు ఒక్కటీ లేని అల్యూమినియం దిమ్మ, మామూలు 76 వాట్లకే దానికి ఆయాసం వస్తుంది.

పాతమదర్‌బోర్డు:
ఫిక్స్‌డ్‌ను అంత తీసిపారేయకండి గురువుగారూ. 1998లో సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌కి బస్ క్లాక్‌ను 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, 4.5 మల్టిప్లయర్‌తోనే 450 మెగాహెర్ట్జ్ లాగారు జనం. ఏకంగా 50 శాతం ఉచితం. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు పీబీఓ బేరం చప్పగానే ఉంటుంది.

రోజంతా రెండరింగో, వీడియో ఎన్‌కోడింగో నడిపేవారికి ఇప్పటికీ ఫిక్స్‌డ్ పనికొస్తుంది. ఓల్టేజీ 1.25 దాటనివ్వకుండా 4.4తో మొదలుపెట్టి, 25 మెగాహెర్ట్జ్ చొప్పున పైకి వెళ్లాలి. లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (లోడు పడినప్పుడు ఓల్టేజీ జారిపోకుండా చూసే సెట్టింగ్) మధ్య స్థాయిలో ఉంచాలి. అది అన్నిటికన్నా పైన పెడితే లోడు తగ్గిన క్షణంలో ఓల్టేజీ ఎగదన్నుతుంది, మానిటర్ సాఫ్ట్‌వేర్‌లో అది కనిపించదు కూడా. చిప్‌లన్నీ ఒకేలా ఉండవు కాబట్టి ఒకరి 4.6 ఇంకొకరికి 4.5 దగ్గరే ఆగిపోవచ్చు.

వోల్ట్‌మీటర్:
రెండరింగ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఈయనది గేమ్స్ మెషీన్. 5600ఎక్స్ డబ్బా మీద 4.6 అని ఉన్నా, ఏమీ ముట్టుకోకుండానే ఒంటి కోర్ మీద 4.65 దాకా వెళ్తుంది. ఫిక్స్‌డ్ 4.5 పెడితే సినీబెంచ్ మల్టీ స్కోరు పెరిగి, గేములో కావాల్సిన ఒంటి కోర్ వేగం మాత్రం 150 మెగాహెర్ట్జ్ పడిపోతుంది. డబ్బులిచ్చి దెబ్బలు తినడమే. సెలెరాన్ రోజుల్లో కంపెనీ వదిలేసిన మార్జిన్ ఉండేది. ఇప్పుడు బూస్టు పేరుతో దాన్ని కంపెనీయే పిండేసుకుంటోంది. మనకు మిగిలింది ఓల్టేజీలో దాచుకున్న కాస్త జాగ్రత్త మాత్రమే. కర్వ్ ఆప్టిమైజర్‌తో (ఒక్కో వేగానికి చిప్ తీసుకునే ఓల్టేజీని తగ్గించే సెట్టింగ్) తీసేది దాన్నే.

కోనసీమ_కోర్:
ప్రాసెసర్ జోలికి వెళ్లేముందు ర్యాము చూసుకోండి. మీది 3600 ర్యాము అన్నారు, అది 3600 మీదే నడుస్తోందా? బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామును దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 2133, 2400, 2666లలో ఏదో ఒకదాని మీదే నడుస్తుంది. కొనేటప్పుడు షాపువాళ్లు అసెంబుల్ చేసి ఇచ్చిన సిస్టమ్‌లలో ఇది ఆన్ చేయకుండా వదిలేయడం మామూలే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ అని చూస్తే తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే రెండు ర్యాములూ ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో ఉండాలి. 1, 2లలోనో 3, 4లలోనో గుచ్చితే రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి. గేముల్లో వీటివల్ల వచ్చే తేడా ముందు పీబీఓతో వచ్చేది చిల్లర.

3600కి ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి) క్లాక్ 1800 ఉండాలి, అప్పుడే ర్యాము అసలు క్లాక్‌తో ఒకటికి ఒకటి. 3800 కోసం 1900కి ఎక్కిస్తే కొన్ని చిప్‌లలో విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హ్వీ లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసేది) 19 నంబరు వార్నింగులు వరసకట్టి పడుతుంటాయి. తప్పు జరిగింది, సరిదిద్దుకున్నాం అని వాటి అర్థం. క్రాష్ రాకపోయినా ఆ సరిదిద్దడానికే వేగం ఖర్చవుతుంది. 1800 దగ్గర ఆగండి. ఎస్‌ఓసీ ఓల్టేజీ (చిప్‌లో కోర్లు కాని భాగాలకు ఇచ్చేది) 1.1 చాలు, 1.2 దాటొద్దు.

ఎక్స్‌ఎంపీ పెట్టాక మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ నుంచి నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. ఇది దాటవేస్తే రేపు క్రాష్ వచ్చినప్పుడు తప్పు ర్యాముదా కోర్‌దా అని తలపట్టుకు కూర్చోవాలి.

సున్నాఒకటి:
ర్యాము 2666 చూపిస్తోందండీ! ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి మెమ్‌టెస్ట్ పెట్టాను. కూలర్ డీప్‌కూల్ ఏకే400 తీసుకుందామనుకుంటున్నా. స్టెల్త్ ఊడదీయడంలో తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఓరుగల్లు_పీసీ:
ఉంది తమ్మీ, ఇక్కడనే మస్తు మంది ప్రాసెసర్ ఖరాబు చేసుకుంటరు. ఏఎం4 ప్రాసెసర్‌కు పిన్నులు కింద ఉంటయి, 1331. సాకెట్ లివర్ వేసినా అది చిప్‌ను పైనుంచి పట్టి ఉంచదు. పేస్టు ఎండి గట్టిపడితే కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడొస్తది, పిన్నులు వంగుతయి. అందుకే ముందు సినీబెంచ్ పది నిమిషాలు నడిపి వేడి చెయ్యి. పేస్టు మెత్తబడుతది. షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసి, నాలుగు స్క్రూలు ఐమూలగ కొంచెం కొంచెం వదులు చెయ్యి. ఒకటి పూర్తిగ తీసి ఇంకోదానికి పోకు. తర్వాత కూలర్‌ను ఎడమకు కుడికి మెల్లగ తిప్పు, ఊడిందనిపించినంకనే పైకి లేపు. నేరుగ గుంజకు.

ఇంకొకటి. స్టెల్త్ స్క్రూలు బోర్డు వెనక ఉన్న ప్లేటుకే పోతయి. చివరి స్క్రూ తియ్యంగనే వెనక ప్లేటు వదులై క్యాబినెట్ లోపల పడుతది. ఒక చెయ్యి వెనక పెట్టు, లేకుంటే బోర్డును పండబెట్టి చెయ్యి. ఆ ప్లేటు పారెయ్యకు, టవర్ కూలర్లు శానా వరకు దానికే బిగుస్తయి.

పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడువు. కొత్తది బఠాణీ గింజంత నడుమల పెట్టు, చాలు. కూలర్ అడుగున ప్లాస్టిక్ ఫిలిం ఉంటది, అది తీసుడు మర్చిపోకు. ఫ్యాను గాలి వెనక ఎగ్జాస్ట్ వైపు కొట్టాలె.

పాతమదర్‌బోర్డు:
ఒకవేళ పిన్ను వంగితే నోట్లో గుండె పెట్టుకోనక్కర్లేదు. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టంలోకి పిన్ను దూరుతుంది, నెమ్మదిగా నిలబెట్టొచ్చు. వరస సరిచూడటానికి పాత ఏటీఎం కార్డు అంచు.

సున్నాఒకటి:
కూలర్ మారింది. మెమ్‌టెస్ట్‌లో సున్నా ఎర్రర్లు. గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు మామూలు సెట్టింగ్స్‌తో సినీబెంచ్ అరగంట నడిపితే 62 దాటలేదు. ఇప్పుడు పీబీఓ ఎలా మొదలుపెట్టాలి?

కోనసీమ_కోర్:
ముందు రెండు జాగ్రత్తలు. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. బయాస్ అప్‌డేట్ చేసినా, సీమాస్ క్లియర్ చేసినా (బయాస్ సెట్టింగ్స్ చెరిపేసినా) రికవరీ కీ అడగొచ్చు. 48 అంకెల ఆ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండోది, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అస్థిరంగా ఉన్న సిస్టం ఫైళ్లను చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది.

తర్వాత బయాస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ తెరిచి, హెచ్చరికకు యాక్సెప్ట్ కొట్టి, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను అడ్వాన్స్‌డ్‌కు మార్చండి. ఆ హెచ్చరిక ఊరికే పెట్టింది కాదు, పీబీఓ వాడితే వారంటీ వర్తించదని ఏఎండీ షరతుల్లోనే ఉంది. చాలా బోర్డుల్లో ఇవే సెట్టింగ్స్ రెండు చోట్ల ఉంటాయి, బోర్డు కంపెనీ మెనూలో ఒకసారి, ఏఎండీ మెనూలో ఇంకోసారి. ఒక్కచోటే మార్చండి, రెండోది ఆటోలో వదిలేయండి.

లిమిట్స్ మాన్యువల్: ఈ చిప్ అసలు విలువలు పీపీటీ (మొత్తం పవర్ హద్దు) 76 వాట్లు, టీడీసీ (నిలకడగా వెళ్లే కరెంటు హద్దు) 60 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం వెళ్లే కరెంటు హద్దు) 90 ఆంపియర్లు. వాటిని 95, 70, 105 చేయండి. "మదర్‌బోర్డ్" అనే ఆప్షన్ పెట్టొద్దు, అది గేట్లు బార్లా తెరుస్తుంది. స్కేలార్ ఆటో. బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ వేగం మీద అదనంగా ఇచ్చే మెగాహెర్ట్జ్) ఇప్పటికి సున్నా. థర్మల్ లిమిట్ 85. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగటివ్, 10. సేవ్ చేసి, దీన్ని ఒక ప్రొఫైల్‌గా భద్రపరచండి.

సిస్టం పోస్ట్ కాకపోతే (ఆన్ చేసినా తెర మీద ఏమీ రాకపోతే) ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. తర్వాత బోర్డు మీద సీఎల్ఆర్ సీమాస్ అని రాసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఐదారు సెకన్లు తాకించండి. ఆ పిన్నులు దొరక్కపోతే సీఆర్2032 బటన్ సెల్ ఐదు నిమిషాలు తీసిపెట్టండి.

రాయలసీమ_ర్యామ్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఐ5 12400ఎఫ్, బి660 బోర్డు. ఇవేమైనా దీనికి కుదురుతాయా?

వోల్ట్‌మీటర్:
మల్టిప్లయర్ కుదరదు. దానికి చిప్ పేరు చివర కె ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్ కావాలి. మీకు మిగిలింది ఎక్స్‌ఎంపీ, పవర్ లిమిట్లు. 12400కి పీఎల్1 (ఎక్కువసేపు వాడే పవర్ హద్దు) 65 వాట్లు, పీఎల్2 (కాసేపు వాడేది) 117 వాట్లు. కూలర్ తట్టుకుంటే పీఎల్1ను కూడా 117 చేయండి, ఎక్కువసేపు నడిచే పనుల్లో వేగం పడిపోదు. గేముల్లో తేడా రాదు, అవి 65 దాటేదే అరుదు.

ఈ చర్చను ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 వాళ్లెవరైనా చదువుతుంటే ఓవర్‌క్లాక్ మాట తర్వాత, ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. ఆ చిప్‌లు అవసరానికి మించి ఓల్టేజీ అడిగి అరిగిపోయే లోపానికి ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్లు ఇచ్చింది. వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయదు, మార్పించుకోవాల్సిందే.

సున్నాఒకటి:
మైనస్ 10 ఏ గొడవా లేకుండా నడిచింది. ఆశ పుట్టి ఒకేసారి ఆల్ కోర్స్ మైనస్ 30, ఓవర్‌రైడ్ ప్లస్ 200 పెట్టాను. సినీబెంచ్ అరగంట, ప్రైమ్95 గంట పాసయ్యాయి. 4.85 చూపిస్తోంది. కానీ రాత్రి బ్రౌజర్ తెరిచి ఊరికే వదిలేస్తే రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయింది. పైగా సింగిల్ కోర్ స్కోరు మైనస్ 10తో వచ్చినదానికన్నా తక్కువ! అంత బరువు మోసినది ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవడమేమిటి?

వోల్ట్‌మీటర్:
కర్వ్ ఆప్టిమైజర్ అసలు స్వభావమే అది. ఆరు కోర్లూ పనిలో ఉన్నప్పుడు వేగం 4.5, 4.6 దగ్గరే ఉంటుంది. ఆ వేగానికి ఓల్టేజీ కాస్త కోసినా చిప్‌కు ఇబ్బంది లేదు. ఖాళీగా ఉన్నప్పుడు విండోస్ ఏదో చిన్న పని ఒక కోర్ మీద వేస్తుంది, అది తటాలున 4.85కి లేస్తుంది. ఓల్టేజీ చాలనిది సరిగ్గా ఆ క్షణంలోనే. అందుకే అందరూ నమ్మే గంటల స్ట్రెస్ టెస్టు దీన్ని పట్టుకోలేదు. ఒక్కో అంకె దాదాపు 3 నుంచి 5 మిల్లీఓల్టులు. మైనస్ 30 అంటే 90 నుంచి 150 మిల్లీఓల్టులు కోసేశారన్నమాట.

స్కోరు తగ్గడం గురించి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే మానిటర్ సాఫ్ట్‌వేర్‌లో కోర్ క్లాక్ కాదు, ఎఫెక్టివ్ క్లాక్ చూడండి. ఓల్టేజీ చాలనప్పుడు చిప్ క్రాష్ కాకుండా క్లాక్‌ను సాగదీసుకుంటుంది. పైకి 4.85 అనే చెబుతుంది, నిజంగా చేసే పని తక్కువ. పూర్తి లోడులో రెండింటి మధ్య 50 మెగాహెర్ట్జ్‌కు మించి తేడా వస్తే మీరు హద్దు దాటినట్టే.

ఇప్పుడు చేయాల్సింది: ఓవర్‌రైడ్ ప్లస్ 50కి దించండి. ఆల్ కోర్స్ మాని పర్ కోర్‌కు మార్చండి. రైజెన్ మాస్టర్ తెరిస్తే మేలైన కోర్లకు నక్షత్రం, చుక్క గుర్తులు ఉంటాయి. ఆ రెండింటికీ తక్కువ కోత, మైనస్ 5. మిగతావాటికి మైనస్ 15. తలకిందులుగా అనిపిస్తుంది కానీ, మంచి కోర్లకు ఫ్యాక్టరీలోనే తక్కువ ఓల్టేజీ రాసిపెట్టి ఉంటుంది. పైగా అందరికన్నా ఎత్తుకు లేచేవి అవే. వాటిలో కోయడానికి మిగిలింది తక్కువ.

పరీక్షకు కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు వాడండి. ప్రైమ్95ను ఒక్కో కోర్ మీద ఒంటరిగా, వంతులవారీగా నడుపుతుంది. ఎస్‌ఎస్‌ఈ మోడ్‌లో పెట్టండి. ఏవీఎక్స్2 అయితే వేడి పెరిగి క్లాక్ దిగుతుంది, మనకు కావాల్సింది క్లాక్ అన్నిటికన్నా పైన ఉన్నప్పటి పరీక్ష. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి వదిలేయండి. ఏ కోర్ ఎర్రర్ ఇస్తే దాన్ని 3 అంకెలు సున్నా వైపు జరపండి. పాసైన కోర్లను ఐదేసి చొప్పున కిందికి తీసుకెళ్లండి. రెండు మూడు రాత్రుల పని.

ఓరుగల్లు_పీసీ:
రీస్టార్ట్ అయినంక ఈవెంట్ వ్యూయర్ల సిస్టం లాగ్ చూడు. కెర్నల్ పవర్ 41 కనపడితే అదే కారణమని అనుకోకు. కరెంటు పోయినట్టు ఆగిందని చెప్పుడే తప్ప దాంట్ల ఏం లేదు. దాని పక్కనే హ్వీ లాగర్ 18 ఉంటది. తెరిస్తే ప్రాసెసర్ ఏపిక్ ఐడీ అని ఒక నంబరు. ఈ చిప్‌ల దాన్ని రెండుతోని భాగించు. 0, 1 అయితే కోర్ 0. 2, 3 అయితే కోర్ 1. అట్ల ఏ కోర్ తప్పు చేసిందో అదే చెప్తది.

అన్ని సెట్టింగ్స్ తీసేసినా ఖాళీగున్నప్పుడే రీస్టార్ట్ అయితుంటే అప్పుడు బయాస్‌ల పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్ చెయ్యి. పాత ఎస్‌ఎంపీఎస్‌లకు మరీ తక్కువ లోడు పడదు.

గోదారిగాలి:
ఎండాకాలం సంగతి ఎవరూ ఎత్తలేదే. కూలర్ చేయగలిగింది గది వేడి మీద ఎన్ని డిగ్రీలు పైన ఉంచుతుందన్నదే. 24 డిగ్రీల గదిలో 68 వస్తే తేడా 44. మే నెలలో విజయవాడలో ఏసీ లేని మేడమీది గది 40 ఉంటుంది, అదే తేడా కలిపితే 84. క్యాబినెట్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి పెడితే ఇంకో ఐదారు కలుపుకోండి. కాబట్టి శీతాకాలంలో చూసుకున్న లిమిట్లను నమ్ముకోకూడదు. రెండు ప్రొఫైల్స్ పెట్టుకోండి: ఎండాకాలానికి పీపీటీ 76, మిగతా రోజులకు 95. కర్వ్ విలువలు రెండింటిలోనూ అవే. 76 పెట్టినా కర్వ్ వల్ల మామూలుకన్నా వేగం ఎక్కువే ఉంటుంది.

యూపీఎస్ కూడా చూసుకోండి. 600 వీఏది అంటే నిజానికి 360 వాట్లే. 3060 ఒక్కటే 170, ప్రాసెసర్‌కు 95, బోర్డు, ర్యాము, ఫ్యాన్లు, డ్రైవ్‌లకు 40, మానిటర్ 30, ఎస్‌ఎంపీఎస్ తినేసే నష్టం వేరే. గేమ్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని చేతులెత్తేస్తుంది. దాన్ని చూసి ఓవర్‌క్లాక్ క్రాష్ అనుకునేవాళ్లున్నారు.

పాతమదర్‌బోర్డు:
దుమ్ము కూడా. ముందు ఫిల్టరూ హీట్‌సింక్ రెక్కలూ రెండు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.

సున్నాఒకటి:
మూడు రాత్రులు కోర్‌సైక్లర్ నడిపాను. ఇప్పటికి: ఓవర్‌రైడ్ ప్లస్ 50, నక్షత్రమున్న కోర్ 1కి మైనస్ 5, చుక్కున్న కోర్ 4కి మైనస్ 8, మిగతా నాలుగూ మైనస్ 20. ఒంటి కోర్ మీద 4.7 నిలుస్తోంది, ఎఫెక్టివ్ క్లాక్ తేడా 15 లోపే. సినీబెంచ్‌లో 68 డిగ్రీలు. కోర్‌సైక్లర్‌లో ఎర్రర్ ఏదీ లేదు కానీ, పొద్దున స్లీప్ నుంచి లేపగానే ఒకసారి రీస్టార్ట్ అయింది. హ్వీ 18, ఏపిక్ ఐడీ 6.

వోల్ట్‌మీటర్:
ఏపిక్ 6 అంటే కోర్ 3. దానికొక్కదానికే మైనస్ 17 పెట్టండి, మిగతావి కదపొద్దు. కోర్‌సైక్లర్ నిలకడగా నడిచే లోడునే ఇస్తుంది, నిద్ర లేచేటప్పటి తటాలు మార్పు దానికి చిక్కదు. ఓ వారం మామూలుగా వాడుతూ, రోజుకు రెండు మూడుసార్లు స్లీప్‌లో పెట్టి లేపండి. మళ్లీ 6 గానీ 7 గానీ కనిపిస్తే మైనస్ 14.